విడీ ఘర్కుల్ నుంచి విమానం దాకా

రాఖీ పున్నమి వచ్చిందంటే షోలాపూర్‌లోని మన పద్మశాలీలకు రెండు పండుగలు. ఒకటి మార్కండేయ స్వామి రథోత్సవం, రెండోది అక్కచెల్లెళ్ళ రాఖీ. 2025లో ఆ రోజు రథం చూసుకుని, విడీ ఘర్కుల్‌లో ఉన్న మా అమ్మ ఇంటికి వెళ్ళాను. చెల్లెలు, బావగారు, వాళ్ళ అమ్మాయి అమ్మ దగ్గరే ఉంటారు. బావగారు పవర్‌లూమ్ మీద తువ్వాళ్ళు నేస్తారు. చెల్లెలు రాఖీ కట్టి, నోట్లో మిఠాయి పెట్టి, చల్లగా అడిగింది.

“అన్నా, అమ్మ ఇంటి కాగితాలు బ్యాంకుల పెడ్తే ఎంతొస్తది?”

ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఈ ప్రశ్న ఎంతమందో అడిగారు. మా ఇంట్లో వినడం మాత్రం అదే మొదటిసారి. ఎందుకని అడిగితే మేనకోడలు లోపల నుంచి ఒక రంగుల కాగితం తెచ్చి చూపింది. పూణేలోని ఒక హోటల్లో, విమాన పైలెట్ల ఎంపిక కార్యక్రమం. పన్నెండో తరగతి ఫిజిక్సు, మాథ్సుతో ప్యాసైన వారు రావచ్చు. అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, సైన్సు గ్రూపు చదివింది. వెళ్ళడానికి అర్హత ఉంది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. విడీ అంటే మరాఠీలో బీడీ, ఘర్కుల్ అంటే గూడు. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువుకు వచ్చిన మన కుటుంబాల్లో మగవారు మగ్గం పట్టుకుంటే, ఆడవారు చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి బీడీలు చుట్టారు. వారి ఇళ్ళకోసం ఈ ఊళ్ళో పెద్ద పోరాటాలే జరిగాయి. కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరిట కట్టిన 10,000 ఇళ్ళ తాళంచెవులు 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతులమీదుగా అందాయంటే ఆ పోరాటం ఎంతటిదో ఊహించుకోవచ్చు. మా అమ్మ ఇల్లు కూడా అలా వేళ్ళు అరిగేలా బీడీలు చుట్టి, వాయిదాలు కట్టి సంపాదించినదే. ఆ కాగితాలు నలభై ఏళ్ళ కష్టం.

అమ్మాయికి ఈ ఆశ గాలిలోంచి పుట్టలేదు. హోట్గీ రోడ్డులోని మా విమానాశ్రయం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండేది. విమానాల దారికి అడ్డమని సిద్ధేశ్వర్ చక్కెర కర్మాగారం పొగగొట్టాన్ని 2023 జూన్ 15న కూల్చినప్పుడు ఊరంతా మేడలెక్కి చూసింది. 2025 జూన్ 9న గోవాకు విమానం మొదలైంది. తలెత్తి చూసే పిల్లలకు ఆశ పుట్టకుండా ఉంటుందా? పైగా మన తెలుగు పిల్లే అయిన ఆనీ దివ్య కథ ఆమె చదివింది. తండ్రి సైన్యంలో పనిచేశారు, పెరిగింది విజయవాడలో. పదిహేడో ఏట రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరి, పంతొమ్మిదో ఏట ఎయిర్ ఇండియాలో ప్రవేశించింది. ముప్ఫయ్యో ఏట బోయింగ్ 777కు కమాండర్ అయింది. మొదట్లో ఆమెకు ఇంగ్లీషు సరిగా రాక ఇబ్బంది పడిందన్న మాట మా అమ్మాయికి బాగా పట్టింది. ఇది కూడా మరాఠీ మీడియం పిల్ల.

నేను కామర్సు వాణ్ణి. నాకు ఫిజిక్సు రాదు, వడ్డీ లెక్కలు వచ్చు. కాబట్టి ముందు ఆ లెక్కే వేశాను.

మన దేశంలో కమర్షియల్ పైలెట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. ఇంధనం, విమానం నిర్వహణ, నేర్పేవారి జీతం అన్నీ కలిపి ఈ శిక్షణకు 40, 50 లక్షలు సులభంగా అవుతాయి. లైసెన్సు చేతికొచ్చినా ఎయిర్‌బస్సో, బోయింగో నడపాలంటే టైప్ రేటింగ్ అనే మరో శిక్షణ ఉంది. అది ఇంకో 15 నుంచి 25 లక్షలు. కంపెనీలు నడిపే కేడెట్ పథకాల్లో మొత్తం ఖర్చు కోటి దాటడం కూడా ఉంది.

50 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, 15 ఏళ్ళ గడువు అనుకుందాం. నెల వాయిదా రూ.53,700 పైచిలుకు. శిక్షణ కాలంలో వాయిదా కట్టనక్కర లేదని సంతోషిస్తాం గాని వడ్డీ ఆగదు. రెండున్నరేళ్ళకు సాధారణ వడ్డీయే 12.5 లక్షలు. దాన్ని అసలులో కలిపితే వాయిదా రూ.67,000 దాటుతుంది. మామూలు విద్యారుణాల్లో 7.5 లక్షలు దాటితే బ్యాంకు తనఖా అడుగుతుంది. మా అమ్మ ఇంటి విలువ ఎంత సాగదీసినా 50 లక్షలకు చాలదు. అంటే ఇల్లు పెట్టినా పని కాదు, పని కాకపోతే ఇల్లు మిగలదు.

విమానాల ఉద్యోగం గాలివాటమన్న మాట కూడా చెప్పాలి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. అనుభవమున్న పైలెట్లు కూడా రోడ్డున పడ్డారు. మరోవైపు 2023లోనే ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 కొత్త విమానాలకు ఆర్డర్లిచ్చాయి. వాటన్నిటికీ పైలెట్లు కావాలి. రెండూ నిజమే. ఒక నిజం చూసి ఎగరకూడదు, ఇంకో నిజం చూసి కూర్చోకూడదు.

ఇదంతా విని చెల్లెలు ముఖం చిన్నబుచ్చుకుంది. అమ్మాయి మాత్రం, “మామా, పైసలు కట్టకుండ చూసి రావచ్చు గద” అంది. సరే, సిద్ధమై వెళ్దామన్నాను.

ఆరు వారాలు సిద్ధమైంది. ఇలాంటి ఎంపికల్లో రాతపరీక్ష, జ్ఞాపకశక్తి, కంటికీ చేతికీ ఉన్న పొందిక చూసే కంప్యూటర్ పరీక్షలు, గుంపు చర్చ, ఇంటర్వ్యూ ఉంటాయి. రోజూ తెల్లవారుజామున ఇంగ్లీషు పేపరు గట్టిగా చదివేది. బీడీల చాట ముందు కూర్చున్న అమ్మే శ్రోత. సాయంత్రం నేను నోటిలెక్కలు అడిగేవాణ్ణి. 240 నాట్ల వేగమంటే నిమిషానికి 4 నాటికల్ మైళ్ళు. ఆ లెక్కన మూడు వందల కిలోమీటర్ల హైదరాబాదు నలభై నిమిషాలు. “తాతలు ఎడ్లబండ్లెక్కి ఎన్ని దినాలకొచ్చిన్రో!” అని అమ్మ ఆశ్చర్యపోయింది. 30,000 అడుగుల నుంచి దిగాలంటే వేల అడుగులను మూడుతో గుణించి, 90 మైళ్ళ ముందే దిగడం మొదలుపెట్టాలన్న సూత్రం అమ్మాయే నాకు నేర్పింది.

సెప్టెంబరులో హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో పూణే వెళ్ళాం. హాలు నిండా పిల్లలు, తల్లిదండ్రులు. తీరా చూస్తే ఉద్యోగాలిచ్చే కంపెనీ వాళ్ళు కాదు, శిక్షణ సంస్థ తరఫు ఏజెంట్లు. గంటసేపు బొమ్మలు చూపి, చిన్న పరీక్ష పెట్టి, మధ్యాహ్నానికే మా అమ్మాయి “ఎంపికైంది” అన్నారు. సాయంత్రం లోగా 2 లక్షలు కడితే సీటు ఖాయమట. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం.

అమ్మాయి కాగితం తీసింది. మీ సంస్థకు డీజీసీఏ అనుమతి ఉందా? ఎగరగలిగే విమానాలెన్ని, విద్యార్థులెందరు? 200 గంటలు ఎన్ని నెలల్లో పూర్తవుతాయి? పోయిన ఏడాది వారిలో ఎందరికి ఉద్యోగమొచ్చింది? ఉద్యోగం హామీ రాతలో ఇస్తారా? వైద్య పరీక్షలో తప్పితే ఈ 2 లక్షలు తిరిగిస్తారా? ఐదింటికి తియ్యటి మాటలు చెప్పారు, ఆరోదానికి జవాబే లేదు. మా వెనక కూర్చున్న రైతు దంపతులు చెక్కు రాయబోతూ పెన్ను ఆపారు.

అమ్మాయి రైల్లో ఏడ్చింది. నేను ఊరడించలేదు, మర్నాడు వరుస రాసిచ్చాను. మొదట కొద్ది వేలలో అయ్యే క్లాస్ 2 వైద్య పరీక్ష, తరువాత క్లాస్ 1. కళ్ళద్దాలున్నా, వాటితో చూపు సరిగా ఉంటే ఫరవాలేదు గాని, రంగులు గుర్తుపట్టడంలో లోపముంటే చిక్కు. లక్షలు కట్టాక ఇది తెలిస్తే ఏం లాభం? ఆపైన డీజీసీఏ కంప్యూటర్ నంబరు తీసుకుని ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నియమావళి, సాంకేతిక పేపర్లు ఇంట్లో చదవాలి. ఒక్కోదానిలో నూటికి 70 మార్కులు రావాలి. దానితోపాటు ఫుర్సత్‌గంజ్ ప్రవేశ పరీక్ష, ప్రభుత్వ సహాయాలకు దరఖాస్తులు. ఇవన్నీ దాటాకే అప్పు మాట. అదీ విడతలు విడతలుగా.

చెల్లెలు ఇంకా గొణుగుతుంటే అమ్మ చాట పక్కన పెట్టి అంది. “ఆకు కట్ట విప్పి, ఒక్కొక్క ఆకు చూసుకుంటనే కత్తిరిస్తం గద బిడ్డా. కట్టకు కట్ట కత్తిరిస్తే సగం పాడైతది. పోరిని సదువనియ్యి. ఇల్లు యాడికి పోతది? దాని పని గట్టిగైనంక నేనే సంతకం పెడ్త.”

అమ్మాయి క్లాస్ 2 వైద్య పరీక్ష ప్యాసైంది. డిగ్రీలో చేరింది. రాత్రులు వాతావరణ శాస్త్రం చదువుతోంది. మేఘాల పేర్లన్నీ అమ్మకు కూడా కొంత నోటికొచ్చాయి. పైలెట్ అవుతుందో లేదో నేను చెప్పలేను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పైలెట్‌ను చేసి చూడటం ఆ రెండూ కలిసినంత పని.

మీ ఇంట్లోనూ ఇలాంటి రంగుల కాగితం వస్తే, పిల్లల్ని కసరకండి, చెక్కూ రాయకండి. ముందు వైద్యుడి దగ్గరికి పంపండి, తరువాత పుస్తకం కొనిపెట్టండి. ఇంటి కాగితాలు మాత్రం చివరిదాకా పెట్టెలోనే ఉండనివ్వండి. మా అమ్మవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.