మధుమేహము - పిడికెడు పల్లీలు, పిడికెడు బాదము

ఇంటిల్లిపాదికి అన్నము పెట్టు గృహిణి చేతిలో సగము వైద్యము కలదని పెద్దలందురు. మూడు పూటల భోజనమును గూర్చి మనము చూపు శ్రద్ధను రెండు భోజనముల నడుమ తిను చిరుతిండి విషయమున చూపుట లేదు. మధుమేహము కలవారికిని, ఆ వ్యాధి గుమ్మములో నిలిచియున్న వారికిని పెక్కుసారులు కీడు ఆ చిరుతిండి వలననే కలుగుచున్నది. కావున బాదము, జీడిపప్పు, వేరుసెనగ మొదలగు పప్పులను అట్టివారికి చిరుతిండిగా పెట్టవలసిన విధమును గూర్చి ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచితిమి.

హైదరాబాదునకు పడమట మాదాపురములో 1998వ సంవత్సరమున సైబర్ టవర్సను భవనము ప్రారంభమైనది. నాడు రాళ్ళగుట్టలతో నిండియుండిన ఆ ప్రాంతము నేడు హైటెక్ సిటీ యనియు, గచ్చిబౌలి, రాయదుర్గము మొదలగు చోట్లతో కలిసి సైబరాబాదనియు ప్రసిద్ధి గాంచినది. మన బిడ్డలు, అల్లుండ్రు, కోడండ్రు, మన చదువరులలోనే పెక్కుమంది అచ్చటి కార్యాలయములలో పనిచేయుచున్నారు. ఆ పని గంటల తరబడి కుర్చీలో కూర్చుండి చేయునది. అమెరికాలో పగలైన వేళ మనకు రాత్రి గనుక కొందరికి భోజనవేళలును తారుమారగుచున్నవి. ఆకలి వేసినప్పుడు చేతికందునవి టీ, ఉస్మానియా బిస్కట్లు, సమోసాలు, మిరపకాయ బజ్జీలు.

దీని ఫలితమెట్లున్నదో చూడుడు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ నగరమునందలి కంప్యూటరు ఉద్యోగులను 345 మందిని పరీక్షించి, తాము కనుగొన్న విషయములను 2025వ సంవత్సరమున ప్రకటించిరి. వారిలో నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు పేరుకొనియుండెను. నూటికి 71 మందికి స్థూలకాయము కలదు. దేశమంతటికిని సంబంధించి భారత వైద్య పరిశోధనా మండలి వారి సహాయముతో జరిగి 2023లో వెలువడిన పరిశోధనను బట్టి మధుమేహము కలవారు 10 కోట్ల 10 లక్షలు. పూర్వస్థితిలో నున్నవారు 13 కోట్ల 60 లక్షలు. పరగడుపున రక్తములోని చక్కెర 100 మొదలు 125 వరకు నున్నచో పూర్వస్థితి. 126 గాని అంతకు మించి గాని యుండి, మరల చేసిన పరీక్షలోను అట్లే వచ్చినచో మధుమేహము. పూర్వస్థితిలో నున్నవారు పెక్కురు జాగరూకతతో వెనుకకు మరలగలరు. ఆ మరలుటకు ఇంటి వంటగది యొక ముఖ్యమైన చోటు.

కొండాపురములో మేమెరిగిన యొక కుటుంబము కలదు. భర్తకు ముప్పదియెనిమిది ఏండ్లు. మధ్యాహ్నము రెండు గంటలకు పనికి వెళ్ళి రాత్రి పదకొండు దాటిన పిమ్మట ఇల్లు చేరును. ఆయన తండ్రి మధుమేహము వలన కంటిచూపు పోగొట్టుకొనినవాడు. అట్టి యింట ఈయన పరగడుపు చక్కెర 118 అని తేలగానే భార్యకు నిద్ర పట్టలేదు. పప్పులు మంచివని ఎవరో చెప్పగా విని, బేగంబజారునకు పోయి బాదము, జీడిపప్పు, ఎండుద్రాక్ష, ఖర్జూరములు కొని తెచ్చెను. జీడిపప్పును నేతిలో వేయించి, ఉప్పు కారములు చల్లి, అన్నిటిని కలిపి పెద్ద డబ్బా నిండ ప్రతిదినము పంపసాగెను. మూడు నెలలు గడచెను. చక్కెర తగ్గలేదు సరికదా, బరువు రెండు కిలోలు పెరిగెను.

ఆమె కంటతడి పెట్టుకొని, "డాక్టరుగారూ, ఇంత ఖర్చు పెట్టి ఇంత శ్రద్ధగా పంపుచున్నాను. నా వలన లోపమేమి?" అని యడిగెను. ఆ వైద్యురాలు, "మీ శ్రద్ధలో లోపము లేదమ్మా. ఈ పప్పులు దేనికి బదులుగా పెట్టుచున్నారు?" అనిరి. ఆమె భర్తవంక చూచెను. ఆయన తలవంచుకొని, "బిస్కట్లు, సమోసాలు మానలేదండీ. ఇవియు తినుచున్నాను, అవియు తినుచున్నాను" అని యొప్పుకొనెను.

సోదరీమణులు గుర్తుంచుకొనవలసిన ప్రశ్న ఇదియే: దేనికి బదులుగా? బిస్కట్టులోని మైదాయు చక్కెరయు కడుపులో త్వరగా కరిగి గ్లూకోజై రక్తమున చేరును. పప్పులలో పిండిపదార్థము తక్కువ. క్రొవ్వు, మాంసకృత్తులు, పీచు ఎక్కువ. అవి మెల్లమెల్లగా జీర్ణమగును గనుక రక్తములో చక్కెర ఒక్కసారి పైకెగయదు. ఆకలియు చాలసేపు వేయదు. అయితే వంద గ్రాముల బియ్యము సుమారు 350 కాలరీల శక్తి నీయగా, వంద గ్రాముల వేరుసెనగ గింజలు 500 కాలరీలకు మించి యిచ్చును. కావున ఉన్న తిండికి పప్పులను జోడించినచో బరువు పెరుగును. చెడ్డ తిండిని తీసివేసి ఆ చోట నుంచినచో మేలు కలుగును.

ఇక ఏ పప్పు మంచిదను మాట. వెల హెచ్చుగా నున్నదే మేలైనదని తలచుట పొరపాటు. తెలంగాణమున పల్లీలనియు, రాయలసీమలో బుడ్డలనియు, తక్కినచోట్ల వేరుసెనగలనియు పిలుచు గింజలు కంది, మినుము జాతికి చేరినవి. అనంతపురము, పాలమూరు నేలలలో ఇవి విరివిగా పండును. హైటెక్ సిటీకి దాపుననే పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ అను పరిశోధనాలయము వేరుసెనగ వంగడములపై ఎన్నో ఏండ్లుగా కృషి చేయుచున్నది. మాంసకృత్తులలో వేరుసెనగ బాదమునకు తీసిపోదు సరికదా, కొంచెము మించును. వెల చూతమా, పలు రెట్లు తక్కువ. బాదము కొనలేకపోతిమే యని చింతిల్లు ఇల్లాలు ధైర్యముగా పల్లీలు పెట్టవచ్చును. తొక్కతో ఉడికించినవి మరియు మేలు. ఒక్కొక్కటి ఒలుచుకొని తినవలసి వచ్చుటచే తిండి దానంతటదే మితమగును.

బాదములో పీచు ఎక్కువ. ఢిల్లీలో పూర్వస్థితిలో నున్న 60 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు మూడు పూటల భోజనమునకు అరగంట ముందు 20 గ్రాముల చొప్పున మూడు నెలలు బాదము పెట్టిరి. ఆ గుంపులో నలుగురిలో ఇంచుమించు ఒకరికి చక్కెర మామూలు స్థితికి వచ్చినదని 2023లో తెలిపిరి. పరీక్షింపబడినవారు కొద్దిమందియే యైనను ఇది ఆశ కలిగించు విషయము.

జీడిపప్పునందు తక్కినవాటికంటె పిండిపదార్థము హెచ్చు గనుక మధుమేహులు దానిని ముట్టరాదని కొందరు భయపడుదురు. చెన్నపట్టణమున 300 మంది మధుమేహులపై జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధన ఈ భయమును తగ్గించినది. ఉప్పు లేని పచ్చి జీడిపప్పును దినమునకు 30 గ్రాముల చొప్పున 12 వారములు తిన్నవారికి బరువు గాని చక్కెర గాని పెరగలేదు. రక్తపోటు కొంత తగ్గెను. పలాస జీడిపప్పు మన యింట నిషిద్ధము కాదు. నేయి, ఉప్పు, చక్కెరపాకము దాని నిషిద్ధముగా చేయుచున్నవి. అక్రోటులో గుండెకు మేలుచేయు జాతి క్రొవ్వు కలదు. పిస్తాలను తొక్కతోనే పెట్టుట మంచిది.

పప్పుల పేరు చెప్పుకొని మన డబ్బాలో చేరు దొంగలు కొన్ని కలవు. ఖర్జూరము, ఎండుద్రాక్ష పండ్లేగాని పప్పులు కావు. నీరు ఇంకిపోవుటచే వానిలో చక్కెర చిక్కబడియుండును. బెల్లముతో చేసిన పల్లీపట్టీ, కాజూ బర్ఫీ, తేనె పూసిన బాదము, సెనగపిండి పట్టించి నూనెలో వేయించిన మసాలాపల్లీలు మధుమేహులకు తగవు. బెల్లము చక్కెర కాదనుకొనుట భ్రమ.

కొలత సులభము. దినమునకు ఒక పిడికెడు, అనగా సుమారు 30 గ్రాములు. బాదములైనచో ఇరువదియైదు, జీడిపప్పులైనచో పదునెనిమిది, అక్రోటులైనచో ఏడు కాయల పప్పు ఇంచుమించుగా తూగును. ఇవి ఒక్కొక్కటి ఆ పూర్తి కొలతకు సరిపోవునవి. అన్నియు కలిపి కాదు. ఆదివారము నాడు చిన్నచిన్న డబ్బాలలో ఏడు పాళ్ళు కొలిచిపెట్టుకొనుడు. పెద్ద డబ్బా ఎదుట నున్నచో కంప్యూటరు చూచుచు తిను చేతికి మితము తెలియదు. నూనె లేక దోరగా వేయించి, ఉప్పు మానుడు. బూజు పట్టినవి, ముడుతలు పడినవి, ముక్కిన వాసన వేయునవి పారవేయుడు. వేరుసెనగ బూజులోని విషము కాలేయమునకు హాని చేయును.

మరి కొన్ని హెచ్చరికలు. ఇన్సులినుగాని కొన్ని జాతుల మాత్రలుగాని వాడువారికి ఒక్కొక్కప్పుడు చక్కెర మిక్కిలి పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణకును. ఆ వేళ పప్పులు పనికిరావు. అవి మెల్లగా జీర్ణమగునవి గదా! తెలివిలో నున్నవారికి వెంటనే మూడు చెమ్చాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలయును. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయక ఆస్పత్రికి చేర్పవలయును. మూత్రపిండముల వ్యాధి కలవారు వైద్యుని యడుగక పప్పులు తినరాదు. పప్పులు సరిపడక దద్దురులు లేచువారు వానిని పూర్తిగా మానవలయును. ఏ పప్పును మందునకు బదులు కాదు; మాత్రలను తమంతట తాము ఆపరాదు.

ఆ కొండాపురపు ఇల్లాలు డబ్బా మార్చెను. సాయంకాలమునకు పిడికెడు ఉడికించిన పల్లీలు, ఒక జామపండు, చక్కెర లేని టీ. భర్తయు భోజనమైన పిదప కొంత నడచుట యలవరచుకొనెను. మరి మూడు నెలలకు ఆయన పరగడుపు చక్కెర 104 అయ్యెను. ఇంకను జాగ్రత్త పడవలసియే యున్నది గాని, ఆమెకు నిద్ర పట్టుచున్నది.

ఆమె మాతో చెప్పిన యొక మాటతో ముగింతుము. "ఆయన మానివేసిన బిస్కట్లు పారవేయ మనసొప్పక కొన్నాళ్ళు నేనే తినుచుంటిని" అని ఆమె నవ్వెను. సోదరులారా అని కాదు, సోదరీమణులారా అనియే మేము పిలుచుట ఇందుకే. అందరి డబ్బాలు నింపి మిగిలినది తినుట మన యలవాటు. గర్భిణిగా నున్నప్పుడు చక్కెర కనబడిన స్త్రీలకు తరువాతి కాలమున మధుమేహము వచ్చు అవకాశము హెచ్చు. కావున ఆదివారము నాడు డబ్బాలు కొలుచునప్పుడు మీ పేర నొక పిడికెడు వేరుగా కొలిచిపెట్టుకొనుడు. ఆయనకు పరీక్ష చేయించు దినముననే మీరును చేయించుకొనుడు.