కొట్టంలో కెమెరాకి సిగ్నల్ ఎందుకు రాలేదు?

మా గేదెల కొట్టం ఇంటికి 100 మీటర్లు. అక్కడ వైఫై కెమెరా పెడితే వీడియో ఆగి ఆగి వస్తోంది. నాన్నేమో కొత్త రౌటర్ కొనేద్దామన్నారు. ఆగండి నాన్నా, ముందు లెక్కేద్దాం అన్నా.

రౌటర్ పవర్ 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లు. యాంటెన్నా గెయిన్ 2 డీబీఐ. కెమెరా యాంటెన్నా డైరెక్టివిటీ కూడా 2 అనుకోండి, కానీ ఎఫిషియెన్సీ 50 శాతమే. సగం పోయిందంటే 3 డీబీ పోయినట్టే, కాబట్టి దాని గెయిన్ −1. ఇక 2.4 గిగాహెర్ట్జ్‌లో 100 మీటర్ల ఖాళీ జాగా 80 డీబీ తినేస్తుంది.

20 + 2 − 80 − 1 = −59 డీబీఎం. నానోవాట్ కంటే కాస్త ఎక్కువ, అంతే! వీడియోకి అది చాలు.

కానీ యాప్‌లో −85 చూపిస్తోంది. 26 డీబీ తేడా, అంటే 400 రెట్లు! వాన పడకుండా కెమెరాని రేకు డబ్బాలో బిగించింది ఎవరో కాదు, నేనే. బీటెక్ చదివి మరీ! ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చా, −63 వచ్చింది. మిగతా 4 డీబీ మధ్యలో ఉన్న వేపచెట్టుది అనుకుంటున్నా.