మీకు తెలుసా? అక్కడ చెదలే నాగలి!

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో రైతులు వాన నీటిని నేలలో ఇంకించడానికి చెదపురుగులను పనిగట్టుకుని పొలానికి రప్పించుకుంటారు.

• వానలు మొదలవకముందే, రాయిలా గట్టిపడిన నేలలో 20 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతున గుంతలు తవ్వి, అందులో పశువుల పెంట, ఆకు అలము వేస్తారు. వీటిని ‘జాయ్’ గుంతలంటారు. హెక్టారుకు ఇవి 10 వేలు దాటుతాయి.

• తిండి కోసం చేరిన చెదలు మట్టిని గుల్ల చేస్తాయి. తొలకరి నీరు పారిపోకుండా ఆ కన్నాల గుండా లోపలికి దిగుతుంది. జొన్న, సజ్జ గింజలు గుంతలోనే విత్తుతారు. మధ్యలో వాన ముఖం చాటేసినా అడుగున నిలిచిన తడి పైరును కొన్నాళ్లు నిలబెడుతుంది.

• ఈ పాత పద్ధతికే 1980ల కరవు రోజుల్లో యాకూబా సవాడోగో అనే రైతు మెరుగులు దిద్దారు. గుంతలను పెద్దవి చేసి, ఎరువు వేశారు. బీడు భూమిలో పంటతో పాటు చిన్న అడవినీ పెంచారు. 2018లో ఆయనకు ‘ప్రత్యామ్నాయ నోబెల్’గా పేరున్న రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది.