పారణ లేని ఉపవాసం

ఈ సంచికలో పండుగల విశేషాలతో పాటు, మనం ఇళ్లలో అంతగా మాట్లాడుకోని ఒక విషయం గురించి రాస్తున్నాం.

మన సభ్యురాలు ఒకరు ఈ మధ్య మాతో తమ ఇంట్లో జరిగింది చెప్పుకున్నారు. పదిహేనేళ్ల కూతురు పోయిన కార్తీక మాసంలో సోమవారాలు ఉపవాసం ఉంటానంది. పిల్లకు భక్తి కుదిరిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. తర్వాత శనివారాలు చేరాయి, ఏకాదశులు చేరాయి. మాసం అయిపోయినా ఉపవాసాలు ఆగలేదు. ప్రసాదం కూడా టిష్యూలో చుట్టి దాచేస్తోందని తల్లి గమనించారు. సంక్రాంతి నాటికి అమ్మాయికి నెలసరి ఆగిపోయింది. "భక్తి అనుకున్నామండీ, జబ్బని తెలియలేదు" అన్నారావిడ. ఇంకో ఇంటికైనా ఉపయోగపడుతుందని, పేరు లేకుండా రాయమన్నది కూడా ఆవిడే.

ఇది సోకు కాదు

ఈ జబ్బులను డాక్టర్లు ఈటింగ్ డిజార్డర్స్ అంటారు. వాటిలో ముఖ్యమైనవి మూడు. అనొరెక్సియాలో మనిషి చిక్కిపోతున్నా లావైపోతామనే భయం వదలదు. తిండి తగ్గిస్తూనే పోతారు. బులీమియాలో ఒక్కసారిగా చాలా తినేసి, ఆ అపరాధ భావంతో వాంతి చేసుకోవడమో, విపరీతంగా వ్యాయామం చేయడమో జరుగుతుంది. వీరి బరువు మామూలుగానే ఉండవచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. మూడోది బింజ్ ఈటింగ్: ఆపుకోలేక తినడం, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం. ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తాయి గానీ మగపిల్లలకూ వస్తాయి. మానసిక వ్యాధుల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి.

"తినమ్మా, ఏం పోయింది?" అంటే ఎందుకు తినరు? 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలల పాటు తిండి బాగా తగ్గించి చూశారు. వాళ్లకు సన్నబడాలన్న కోరికేమీ లేదు. అయినా పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు చదివారు, కొద్దిపాటి భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు, చిరాకు పడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. అంటే ఆకలే మనసును మార్చేస్తుంది. అలా మారిన మనసుతో వాదిస్తే ఉపయోగం లేదు. ముందు శరీరానికి తిండి అందాలి.

అద్దంలో ఎవరి కళ్లు?

పుట్టుకతో వచ్చే స్వభావం కొంత కారణం. ప్రతిదీ తప్పు లేకుండా చేయాలనుకునే పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. చదువులు, పరీక్షల ఒత్తిడిలో ఏదీ తమ చేతిలో లేదనిపించినప్పుడు, పళ్లెంలోని తిండి ఒక్కటే తమ అదుపులో ఉందనిపిస్తుంది. దానికి చుట్టూ ఉన్నవాళ్ల చూపులు తోడవుతాయి. ఫిజీ దీవుల్లో ఒకప్పుడు బొద్దుగా ఉండటమే అందం. 1995లో ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. అప్పటికి బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామని చెప్పిన బడిపిల్లలు ఎవరూ లేరు. 1998 నాటికి నూటికి 11 మంది అలా చెప్పారని ఆన్ బెకర్ పరిశోధనలో తేలింది. ఇప్పుడు టీవీ కాదు, ఫోన్ చేతిలోనే ఉంది.

మన సింగపూర్ అనుభవమూ ఉంది. 1992లో ఇక్కడి బడుల్లో ట్రిమ్ అండ్ ఫిట్ పథకం మొదలైంది. బరువు ఎక్కువున్న పిల్లలను వేరుచేసి అదనంగా వ్యాయామం చేయించేవారు. ఉద్దేశం మంచిదే, ఊబకాయమూ తగ్గింది. కానీ పథకం పొట్టిపేరు 'ట్యాఫ్' అక్షరాలను తిరగేస్తే 'ఫ్యాట్' అవుతుందని తోటి పిల్లలు వెక్కిరించారు. 2007లో ఆ పథకాన్ని ఆపి, పిల్లలందరికీ వర్తించే ఆరోగ్య విధానం తెచ్చారు. ఆ రోజుల్లో ఇక్కడ చదివిన ఆడపిల్లలు కొందరు ఇప్పుడు మనలో తల్లులు. ఆ మాటలు వాళ్లకు ఇంకా గుర్తే.

మరి మన మాటలో? "కాస్త ఒళ్లు చేశావే", "ఇలా అయితే సంబంధాలెలా వస్తాయే", "అక్కను చూడు, ఎంత నాజూగ్గా ఉందో". అన్నదానం వరుసలో మేమూ ఇలా అన్నవాళ్లమే. ప్రేమతోనే అన్నాం. కానీ విన్న పిల్ల ఆ మాటను ఇంటికి మోసుకెళ్తుంది.

ఉపవాసానికీ జబ్బుకీ తేడా

ఏకాదశి ఉపవాసానికి ద్వాదశి పారణ ఉంది. మొదలుపెట్టే వేళ, ముగించే వేళ రెండూ ఉన్నాయి. పారణ చేయకపోతే వ్రతం పూర్తి కాదు. జబ్బులో పారణ ఉండదు. ఇవాళ ముగియాల్సింది రేపటికి జరుగుతుంది. పిల్లలకు, రోగులకు, గర్భిణులకు మన పెద్దలు ఉపవాసం నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఈ జబ్బు ఉన్న అమ్మాయిని ఉపవాసం మానిపిస్తే దోషమేమోనని భయపడక్కర్లేదు.

ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయకండి: బడిలో తినేశానని రోజూ చెప్పడం, భోజనం అవగానే బాత్రూంకి వెళ్లడం, ఎండలోనూ వదులు బట్టలు, జుట్టు రాలడం, ఎప్పుడూ చలి, నెలసరి ఆగడం. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ముందుగా పాలీక్లినిక్ లేదా మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరకు వెళ్తే వారు రెఫరల్ ఇస్తారు. సింగపూర్ జనరల్ హాస్పిటల్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. పిల్లలకు, టీనేజ్ వారికి కేకే ఆసుపత్రిలోనూ వైద్యం ఉంది. బడిలోని కౌన్సెలర్‌తో కూడా మాట్లాడవచ్చు. మనసు విప్పి మాట్లాడటానికి 1771 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. టీనేజ్ పిల్లల అనొరెక్సియాకు కుటుంబంతో కలిపి చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. అందులో తల్లిదండ్రులే కొన్నాళ్లు పూటపూటా పక్కన కూర్చుని తినిపిస్తారు. తప్పు ఎవరిదన్న ప్రశ్న అక్కడ ఉండదు. "నలుగురికీ తెలిస్తే?" అనే భయంతో నెలలు పోగొట్టుకోకండి. తొందరగా వెళ్తే కోలుకునే అవకాశం ఎక్కువ.

మొదట చెప్పిన అమ్మాయి ఇప్పుడు చికిత్సలో ఉంది. ఇంకా పూర్తిగా కోలుకోలేదు. మొన్న ఆలయానికి వచ్చినప్పుడు అమ్మ పక్కన కూర్చుని పులిహోర తింది. ఆ పక్కనే ఉన్న మేము తన ఒంటి గురించి గానీ, తింటున్న తిండి గురించి గానీ ఒక్క మాటా అనలేదు. పరీక్షలు ఎలా రాశావని మాత్రం అడిగాం.