లిఫ్ట్ కిట్: థార్, జిమ్నీ ఎత్తు 2 అంగుళాలు పెంచాలనుకుంటున్నారా? బండి కింద ఏం మారుతుందో ముందే తెలుసుకోండి!

బండి కొత్తదే. అయినా దూరం నుంచి చూస్తే ఏదో వెలితి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఇంకో నాలుగు వేళ్ల ఖాళీ ఉంటే ఆ దర్జానే వేరు అనిపిస్తుంది. మహీంద్రా థార్, మారుతీ సుజుకీ జిమ్నీ లాంటి ఫోర్ బై ఫోర్ బళ్లు కొన్నవాళ్లకు లిఫ్ట్ కిట్ ఆలోచన వచ్చేది సాధారణంగా ఇక్కడే. వీడియోల్లో చూస్తే అది రెండు నిమిషాల పని. పాత స్ప్రింగు బయటికి, కొత్త స్ప్రింగు లోపలికి, బండి పైకి. అంతే! కానీ ఆ 2 అంగుళాలతో స్టీరింగు, బ్రేకు పైపులు, యాక్సిల్, హెడ్‌లైట్లు.. వీటన్నిటికీ ఫ్యాక్టరీలో వేసిన లెక్క తప్పుతుంది. ఆ లెక్కను మళ్లీ సరిచేయకుండా బండిని రోడ్డెక్కిస్తేనే అసలు ప్రమాదం.

గ్రౌండ్ క్లియరెన్స్ నిజంగా పెరుగుతుందా?

2020లో వచ్చిన మూడు డోర్ల థార్ గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. జిమ్నీది 210. దీనికి 50 మిల్లీమీటర్ల లిఫ్ట్ కలిపితే 276, 260 అయిపోతుందని చాలామంది లెక్కేస్తారు. అవ్వదు. లిఫ్ట్ కిట్ లేపేది ఛాసిస్‌ను, దాని మీదున్న బాడీని. యాక్సిల్‌ను కాదు. వెనక రెండు చక్రాలను కలిపే ఇనుప గొట్టం, దాని మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. దారిలో రాయి తగిలితే ముందు తగిలేది ఆ హౌసింగ్‌కే. జిమ్నీకి ముందు కూడా ఇలాంటి యాక్సిలే. థార్‌కు ముందు రెండు చక్రాలు విడివిడిగా కదులుతాయి, అక్కడి డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ముందు వైపు మాత్రం పైకి లేస్తుంది. వెనక సంగతి మామూలే.

మరి యాక్సిల్ ఎత్తు పెరగాలంటే? టైరు పెద్దది కావాలి. అందులోనూ సగమే లాభం. టైరు వ్యాసం 50 మిల్లీమీటర్లు పెరిగితే యాక్సిల్ లేచేది 25 మాత్రమే. పైగా స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించడం మొదలవుతుంది.

అలాగని లిఫ్ట్ వృథా అని కాదు. దాని వల్ల పెరిగేవి కోణాలు. గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ తగలకుండా కాపాడే అప్రోచ్ యాంగిల్ థార్‌కు 41.8 డిగ్రీలు. దిగేటప్పుడు వెనక భాగాన్ని కాపాడే డిపార్చర్ యాంగిల్ 36.8. మధ్యలో మట్టి దిబ్బ మీద బండి కడుపు ఆనకుండా చూసే ర్యాంప్ ఓవర్ యాంగిల్ 27. లిఫ్ట్ చేస్తే ఈ మూడూ మెరుగవుతాయి. నిజం చెప్పాలంటే వాగు దారులు, చెరువు గట్లు, అడవి బాటల్లో తిరగడానికి కంపెనీ ఇచ్చిన ఈ కోణాలే చాలామందికి ఎక్కువ.

కొత్త స్ప్రింగుకి పాత షాకబ్జరా?

మార్కెట్లో అన్నిటికన్నా చవకైనది స్పేసర్. పాత స్ప్రింగు మీదో, కాయిల్ ఓవర్ యూనిట్ పైనో పెట్టే ఇనుప లేదా ప్లాస్టిక్ దిమ్మ. ఎత్తు వస్తుంది, అంతకు మించి ఏమీ రాదు. స్ప్రింగు అదే, షాకబ్జర్ అదే. డబ్బు పెట్టి చేయించే అసలైన కిట్‌లో పొడవాటి స్ప్రింగులు, వాటికి జతగా షాకబ్జర్లు కలిసి వస్తాయి. కొందరు స్ప్రింగులు మాత్రమే కొని, షాకబ్జర్లు తర్వాత చూద్దాంలే అంటారు. బండి బతుకు పాడయ్యేది అక్కడే.

ఎందుకంటే బండి బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జర్ పని ఆ స్ప్రింగు ఊగకుండా ఆపడం. గుంతలో పడి లేచిన స్ప్రింగులో మిగిలిన శక్తిని షాకబ్జర్ లోపలి పిస్టన్ నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి వేడిగా మార్చేస్తుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిపాక షాకబ్జర్ ముట్టుకుంటే చెయ్యి కాలేది అందుకే. బండిని లేపి పాత షాకబ్జరే ఉంచితే, చక్రం గుంతలోకి దిగినప్పుడు దాని పొడవు ముందే అయిపోతుంది. రాడ్ చివరిదాకా సాగి టక్కున ఆగుతుంది. ప్రతి గుంతకూ ఆ దెబ్బ పడితే సీలు కారుతుంది, పైన మౌంట్ చీలుతుంది. మరీ పొడవైనది వేసినా ఇబ్బందే. బంప్ స్టాప్ రబ్బరు తగలకముందే షాకబ్జర్ అడుగు తన్నేస్తుంది.

ట్విన్ ట్యూబా, మోనోట్యూబా అన్న ప్రశ్న కూడా షెడ్డులో వస్తుంది. ట్విన్ ట్యూబ్ మెత్తగా నడుస్తుంది, బయట గొట్టానికి చిన్న సొట్ట పడినా పనిచేస్తుంది. మోనోట్యూబ్‌లో నూనెను, నైట్రోజన్ గ్యాస్‌ను ఒక కదిలే పిస్టన్ వేరు చేస్తుంది. కాబట్టి నూనె నురగ కట్టదు, వేడి త్వరగా బయటికి పోతుంది. కానీ రాయి తగిలి గొట్టం సొట్టపడితే పని అయిపోయినట్టే. వారాంతంలో అడవి బాట పట్టి, మిగతా రోజులు ఆఫీసుకు వెళ్లే బండికి మంచి ట్విన్ ట్యూబ్ సరిపోతుంది.

థార్‌కు ఒక చిక్కు, జిమ్నీకి ఇంకొకటి

థార్ ముందు భాగం లేపితే ఛాసిస్‌లోని డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే షాఫ్టు మరింత వాలుగా తిరగాలి. దాని చివర సీవీ జాయింట్, దాని మీద గ్రీజు నింపిన రబ్బరు బూటు ఉంటాయి. వాలు ఎక్కువైతే మడతల దగ్గర బూటు రాసుకుని చిరుగుతుంది, గ్రీజు బయటికి, మట్టి లోపలికి. కొన్నాళ్లకు స్టీరింగు తిప్పినప్పుడల్లా టిక్ టిక్ మని శబ్దం. పై కంట్రోల్ ఆర్మ్‌లోని బాల్ జాయింట్ కూడా హద్దు దాకా వంగుతుంది. అందుకే లిఫ్ట్ 2 అంగుళాలు దాటితే కోణం సరిచేసే కొత్త అప్పర్ ఆర్మ్‌లు కావాల్సి వస్తుంది.

జిమ్నీకి షాఫ్టు బెంగ లేదు. అక్కడ గొడవ పాన్‌హార్డ్ రాడ్‌తో. యాక్సిల్ పక్కకు జరగకుండా ఒక చివర ఛాసిస్‌కు, ఇంకో చివర యాక్సిల్‌కు పట్టి ఉంచే కడ్డీ అది. బండి పైకి లేస్తే ఈ కడ్డీ యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. ఒక వైపు టైరు బాడీ నుంచి కాస్త బయటికి, ఇంకో వైపు లోపలికి కనిపిస్తుంది. పొడవు సర్దుకునే రాడ్ వేస్తే ఇది పోతుంది. రెండోది క్యాస్టర్. ముందు యాక్సిల్ కొద్దిగా తిరిగిపోయి, మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను నిటారుగా వచ్చే గుణం తగ్గుతుంది. హైవే మీద బండి అటూ ఇటూ పోతున్నట్టు అనిపిస్తే కారణం ఇదే కావచ్చు. దీనికి క్యాస్టర్ సరిచేసే బుష్‌లు దొరుకుతాయి.

ఆర్టీవో ఊరుకుంటారా?

డబ్బు కట్టే ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. షాపువాళ్లు ‘అందరూ వేయిస్తున్నారు సార్’ అంటారు. తనిఖీలో ఆగేది మాత్రం షాపువాళ్లు కాదు. ప్రమాదం జరిగినప్పుడు, ముందుగా చెప్పని మార్పు ఉందని బీమా కంపెనీ పేచీ పెట్టే అవకాశం ఉంది. సస్పెన్షన్ వారంటీకీ ఎసరు రావచ్చు. ఆర్టీవో కార్యాలయంలో, బీమా కంపెనీలో ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

షెడ్డులో పని ఇలా జరగాలి

పాత బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. బండిని చదునైన నేల మీద పెట్టి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా లెక్కను చెడగొడుతుంది. జాకీతో లేపాక ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాల్సిందే. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరడం ప్రాణాలతో చెలగాటం.

జిమ్నీ లాంటి బండిలో యాక్సిల్‌కు జాకీ ఆనించి, స్టెబిలైజర్ లింకులు, షాకబ్జర్ కింది బోల్టు, బ్రేకు పైపు క్లిప్పులు, ఏబీఎస్ వైరు విప్పి, యాక్సిల్‌ను మెల్లగా దించితే స్ప్రింగు వదులై చేతికొస్తుంది. థార్ ముందు వైపు అలా కాదు. స్ప్రింగు, షాకబ్జర్ ఒకే యూనిట్. స్ప్రింగు కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా పైన మధ్య నట్టు విప్పితే స్ప్రింగు తుపాకీ గుండులా ఎగిరి పడుతుంది. ఇది ఇంటి ముందు చేసే పని కాదు.

చాలా షెడ్లలో జరిగే తప్పు చివర్లో ఉంది. బండి గాల్లో ఉండగానే బుష్ బోల్టులన్నీ పానాతో బలంగా బిగించేస్తారు. బుష్ లోపలి రబ్బరు తిరగదు, మెలిపడుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. కీచుమనే శబ్దం, గట్టి కుదుపు, కొన్ని నెలలకే చీలిన బుష్‌లు. నట్లు చేత్తో పట్టించి, బండిని చక్రాల మీదికి దించి, ముందూ వెనకా కాస్త ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో సర్వీస్ మాన్యువల్ చెప్పిన కొలతకు బిగించాలి.

ఆ తర్వాత స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, చక్రం వేలాడేలా ఉంచి బ్రేకు పైపు బిగుసుకుంటోందా అని చూడాలి. పైపు సాగదీసినట్టు కనిపిస్తే బండి కదపకూడదు, పొడవైనది వేయాలి. వీల్ అలైన్‌మెంట్ అదే రోజు చేయించాలి. ఈఎస్పీ ఉన్న బళ్లకు స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను స్కానర్‌తో మళ్లీ సెట్ చేయించాల్సి రావచ్చు. హెడ్‌లైట్ల సంగతి దాదాపు ఎవరూ పట్టించుకోరు. ముక్కు పైకి లేచిన బండి లైటు నేరుగా ఎదురొచ్చే బైకు మీదున్నవాళ్ల కళ్లలో పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల పని అది.

మొదటి వారం ఘాట్ రోడ్డు జోలికి పోకపోవడం మంచిది. బరువు కేంద్రం పైకి పోయిన బండి మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది, పాత వేగం ఇప్పుడు పనికిరాదు. 500 కిలోమీటర్లు తిరిగాక షెడ్డుకు తీసుకెళ్లి ప్రతి బోల్టునూ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూపించి, ముందు రాసుకున్న నాలుగు కొలతల పక్కన కొత్త కొలతలు రాసుకోవాలి. కొత్త స్ప్రింగులు అప్పటికి కాస్త కూర్చుంటాయి. ఒక వైపు మాత్రమే ఎక్కువ దిగితే ఆ స్ప్రింగు దాని గూడులో సరిగా కూర్చుందో లేదో విప్పి చూడమనాలి.