విద్యుత్ విలాసవాహనము – నిత్యోపయోగము

మోటారు వాహనము కొనువారు దాని వేగమును, అందమును, ధరను విచారించుట లోకమున వాడుక. విద్యుచ్ఛక్తితో నడచు వాహనమునకు మాత్రము మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: రాత్రివేళ అది ఎక్కడ నిలుచును?

ఆడి సంస్థవారు 2018 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ప్రదర్శించిన ఈ-ట్రాన్ వాహనమునే ఉదాహరణముగా గైకొందము. ఇది 2021లో మన దేశమున అమ్మకమునకు వచ్చినది. ఇందలి 55 అను రకమునకు బ్యాటరీ సామర్థ్యము 95 యూనిట్లు. వాహనము బరువు సుమారు రెండున్నర టన్నులు. అంత బరువును మోయు టైర్లు త్వరగా అరుగుటలో వింత లేదు.

బ్యాటరీ దీర్ఘకాలము మన్నుటకై తయారీదారులు మొదట ఆ 95 యూనిట్లలో సుమారు 84 మాత్రమే వాడుకొననిచ్చిరి. 2019 నాటి వాహనము వానితో 328 కిలోమీటర్లు నడచునని అమెరికా ప్రభుత్వ గణనలో తేలినది. అనగా యూనిట్టునకు నాలుగు కిలోమీటర్లకు కొంచెము లోపు. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగు గృహస్థునకు పదిపన్నెండు యూనిట్లు చాలును. ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు మూడు యూనిట్ల నిచ్చును. రాత్రి పదింటికి తగిలించినచో రెండింటికి ఆనాటి ఖర్చు పూడును. పూర్తిగా ఖాళీయైన బ్యాటరీ అయినచో ఒక పగలును ఒక రాత్రియు గడచినను నిండదు. ప్రతిరాత్రి కొంచెము నింపుకొనువానికి ఈ ఆలస్యము తెలియనే తెలియదు. అపార్టుమెంటులో సొంత ప్లగ్గు లేక వీధి కేంద్రములను నమ్ముకొనువానికి వారము వారము తెలియును. అట్టివారికి ఈ వాహనము తగదని నా అభిప్రాయము. 150 కిలోవాట్ల కేంద్రమున అరగంటలో 80 శాతము నిండునని సంస్థవారు చెప్పుదురు గాని, అట్టి కేంద్రము చేరువలో ఉండవలెను గదా!

రద్దీ వీథులలో దీని గుణము బయటపడును. పెట్రోలు బండి ఆగునపుడు చలనశక్తి వేడియై వృథా యగును. ఇందు మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి చేర్చును. ఇంజను రొద లేకపోవుటయే, నా దృష్టిలో, అసలైన విలాసము. రహదారిపై సంగతి వేరు. వేగము 60 నుండి 120 కిలోమీటర్లకు పెరిగినచో గాలి ప్రతిఘటన నాలుగు రెట్లగును. అచట పై లెక్కను నమ్మరాదు.

2022లో ఈ వాహనమునకు క్యూ8 ఈ-ట్రాన్ అని పేరు మార్చి, బ్యాటరీని 114 యూనిట్లకు పెంచిరి. దానిని తయారుచేసిన బ్రస్సెల్సు కర్మాగారము 2025లో మూతపడినది. ఇక పాత బండి కొనదలచువారు బ్యాటరీ హామీ పత్రమును ముందుగా చూడవలెను. ఆ హామీ 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది. 2021లో అమ్ముడైన బండికి 2029తో ఆ గడువు తీరును.