సేవకు తొలి బడి ఇల్లే

నల్లపాడు: ఎండలు ముదిరితే గుంటూరు పరిసర గ్రామాల్లో రోడ్ల పక్కన చలివేంద్రాలు వెలుస్తాయి. కుండల దగ్గర కూర్చున్న తాత పక్కన నిలబడి బాటసారికి గ్లాసు అందించే పిల్లవాడికి సేవ గురించి వేరుగా ఉపన్యాసం అక్కరలేదు. కౌమారంలో ఉన్న పిల్లలు స్వచ్ఛంద సేవకు ముందుకు రావడమైనా, వెనుకంజ వేయడమైనా చాలావరకు ఇంటి వాతావరణాన్ని బట్టే ఉంటుంది.

కళాశాలలు దారి చూపుతూనే ఉన్నాయి. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభమైంది. ఇందులో చేరిన డిగ్రీ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవకు కేటాయించాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. పేరు నమోదు చేసుకునేది కళాశాలే అయినా, పిల్లలను మనస్ఫూర్తిగా పంపాల్సింది తల్లిదండ్రులే.

చిక్కు ఇక్కడే వస్తోంది. మార్కులు తగ్గుతాయని కొందరు, ఆడపిల్లను ఊరు దాటించడమెలాగని మరికొందరు వెనుకాడతారు. మిరప కోతలు, పత్తి తీతల రోజుల్లో కూలి డబ్బుపైనే బతికే ఇంటికి బిడ్డ సాయమూ అవసరమే. దానిని స్వార్థమనడం న్యాయం కాదు.

కొన్ని భయాలు మాత్రం అపోహలే. రక్తమిస్తే పిల్లవాడు నీరసపడతాడని తల్లులు అడ్డు చెబుతుంటారు. 18 ఏళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్నవారి నుంచే, వైద్య పరీక్ష చేశాకే రక్తం తీసుకుంటారు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు.

ఇంటి అండ ఎంత పని చేస్తుందో దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితమే చెబుతుంది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో 14 ఏళ్ల ఆ వాలంటీరు, టిక్కెట్టు లేదని నెహ్రూనే ద్వారం వద్ద ఆపారు. ఆడపిల్ల గడప దాటడమే తప్పుగా చూసిన రోజులవి. బాల్యవివాహ బంధాన్ని ఆమె కాదన్నప్పుడు తండ్రి, సోదరుడు ఆమె పక్షానే నిలిచారు. ఆమే 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు.

బలవంతంగా చేయించేది సేవ కాదు, వెట్టి. మొదటిసారి తల్లో తండ్రో తోడు వెళ్లడం, ఎక్కడికి, ఎవరితో వెళుతున్నారో అధ్యాపకులను అడిగి తెలుసుకోవడం, తిరిగి వచ్చాక ఏం చేశావని ఆసక్తిగా విచారించడం చాలు. ర్యాంకు ఎంతని రోజూ అడిగే ఇంట్లో ఈ ప్రశ్న కూడా వినబడితే, రెండోసారి పిల్లలే బయలుదేరతారు.